తొంభై నాలుగో మొక్కని వెతుక్కుంటూ

ఆరేళ్ళుగా వరి మీద పనిచేస్తున్నాను. వరి మడిలో కాలు పెట్టింది మాత్రం మొన్న నవంబరులోనే. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు, నవ్వనీయండి. నా ఉద్యోగం హైదరాబాదులో ఒక విత్తన పరిశోధనశాలలో. వరి నా దగ్గరికి గోరంత ఆకుముక్కగా, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో, ఐసుపెట్టెలో వస్తుంది. దాన్ని నూరి, అందులోంచి డీఎన్ఏ తీసి, ఏ మొక్కలో ఏముందో చెప్పడం నా పని. పుట్టి పెరిగింది కదిరి దగ్గర వేరుసెనగ చేలల్లో. మా వైపు వరి అంటే చెరువు నిండిన ఏడు పండేది, అల్లుడొచ్చిన రోజు వండేది. అలాంటి నన్ను కృష్ణా డెల్టాకి పంపారు, అదీ ఒక్క మొక్క కోసం.

వెళ్ళవలసింది మా సారు. మొక్కల్ని సంకరం చేసేది ఆయనే. సరిగ్గా ఆ వారమే నడుం పట్టేసి మంచమెక్కారు. "పూత మొదలైంది. అయిదారు రోజుల్లో అయిపోతుంది. నువ్వే వెళ్ళాలి," అని పడుకునే చెప్పారు.

ఆ మొక్క గొప్పేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కంగారు మీకు అర్థం కాదు. డెల్టాలో అందరూ ఇష్టపడే సన్నరకం ఒకటుంది, దానికి దోమపోటు, అంటే దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు, వస్తే పైరంతా మాడిపోతుంది. దోమని తట్టుకునే జన్యువు ఒక మొరటు పాత వరిలో ఉంది. రెంటినీ కలిపి, వచ్చిన పిల్లని మళ్ళీ మళ్ళీ సన్నరకంతోనే కలుపుతూ వస్తే, చివరికి ఆ ఒక్క జన్యువు తప్ప మిగతాదంతా సన్నరకమే అయిన వరి మిగలాలి. కానీ జన్యువు కంటికి కనిపించదు. మేం చూసేది దాని పక్కనే కాపురముండే ఒక గుర్తుని. ఇద్దరూ ఒకే డీఎన్ఏ తాడు మీద దగ్గర దగ్గరగా ఉంటారు కాబట్టి తల్లి నుంచి పిల్లకి వెళ్ళేటప్పుడు దాదాపు ఎప్పుడూ కలిసే వెళతారు. గుర్తు ఉందంటే జన్యువు ఉన్నట్టే. చిక్కేమిటంటే, మా జన్యువుకి రెండో పక్కన ఒక చెడ్డ పొరుగు కూడా ఉంది. అది వస్తే గింజ పండగానే మడిలో రాలిపోతుంది. సరిగ్గా ఆ ఇద్దరి మధ్య తాడు తెగిన మొక్క మాకు కావాలి. మూడు పంటలుగా వందల ఆకుముక్కలు నూరాను. ఈ పంటలో నూట అరవై మొక్కల్లో ఒక్కటి అలా తెగి వచ్చింది. దాని నంబరు తొంభై నాలుగు. అది పూతలో ఉండగానే దాని పుప్పొడిని సన్నరకం వెన్ను మీద దులిపి రావాలి, అందుకే నా ప్రయాణం.

ఆ రోజు ల్యాబులో నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. పక్క గదిలో వాళ్ళు పామొచ్చిందనుకున్నారు.

గవర్నర్‌పేట

శుక్రవారం పొద్దున విజయవాడలో దిగి, గవర్నర్‌పేటలో ఒక లాడ్జిలో సంచి విప్పేసరికి పనిముట్ల డబ్బా లేదు. సన్న కత్తెర, కొన వంగిన పట్టకారు, వెన్నులకి, అంటే వరి కంకులకి, తొడిగే వెన్నకాగితం సంచులు, అన్నీ రైల్లోనే ఉండిపోయాయి. ఎక్కేటప్పుడు సీటు కిందికి నేనే తోశాను, ఎవరినీ అనడానికి లేదు.

లాడ్జి కుర్రాడు సర్జికల్ షాపులున్న సందు చూపించాడు. షాపాయన పెద్దమనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించుకుని కూర్చున్నారు. కంటి ఆపరేషన్‌కి వాడే సన్న కత్తెర, పట్టకారు కావాలన్నాను.

"డాక్టరు గారా అండీ?"

"కాదండీ. వరికి."

"వరికి కంటి ఆపరేషనా?"

వరి పువ్వులో ఆడా మగా ఒకే పొట్టులో ఉంటాయనీ, తల్లిగా వాడే వెన్నులో పుప్పొడి ఉండే మగ తిత్తుల్ని ముందురోజు సాయంత్రమే తీసేయాలనీ, ఒక్కో పువ్వులో ఆరేసి ఉంటాయనీ, ఇదంతా దోమపోటుని తట్టుకునే వరి కోసమనీ చెప్పాను. ఆయన నవ్వకుండా చివరిదాకా విని, నాలుగు రకాల పట్టకార్లు బయటపెట్టి, ఒక బియ్యపు గింజ తెప్పించి దానిమీద పట్టి చూపించారు. కత్తెరతో కలిపి నాలుగు వందల ఎనభై అని చెప్పి నాలుగు వందలు తీసుకున్నారు. "మాది కూచిపూడి అవతలండీ, పొలం కౌలుకిచ్చేశాం. దోమపోటు మనిషిని ఎలా కూల్చేస్తుందో మా నాన్ననే చూశా," అన్నారు.

వెన్నకాగితం హోల్‌సేల్ కొట్టులో వంద షీట్లకి తక్కువ ఇవ్వనన్నారు. నాకు కావలసింది రెండు. వందా కొని, లాడ్జి మంచం మీద కూర్చుని జిగురుతో సంచులు అంటించాను. మధ్యాహ్నం అన్నం ఎగ్గొట్టి, మూడింటికి పెసరట్టు తిన్నాను, అరవై రూపాయలు. అట్టు సంగతి బాగానే ఉంది గాని ఆ అల్లం చట్నీ నాకు ముక్కులోంచి నీళ్ళు తెప్పించింది. రాగిసంగటితో మా వైపు రోటిపచ్చడి ఊరుబిండి తిని పెరిగిన నాకే అలా అయిందంటే చూసుకోండి. టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెబుతున్నారు. వాన పడితే పుప్పొడి కరిగిపోతుంది. ఆ రాత్రి సారుకి మూడుసార్లు ఫోన్ చేశాను, మూడోసారి ఆయన భార్య ఎత్తి పెట్టేశారు.

బందరు కాలువ వెంట

శనివారం బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో పసిబిడ్డంత గుమ్మడికాయ ఉంది. ఉయ్యూరు దాటేదాకా దాన్ని కింద పెట్టలేదు. నా కాళ్ళ దగ్గర పెట్టమన్నాను.

"వద్దమ్మా, గుడికిచ్చేది. కాళ్ళు తగలకూడదు."

ఆమె చెప్పిన గుడి చర్చి. ఆదివారం ఊరూరా కోతకాల పండగట. ఎవరి పొలంలో, పెరట్లో ఏది ముందు వస్తే అది తెచ్చి దేవుడి బల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటినే వేలం వేస్తారు. "పోయినేడు మా చెట్టు నిమ్మకాయ ఒక్కటి అయిదొందలు పలికింది. పాటలో రేటుండదమ్మా, భక్తే," అంది. మా వైపు జాతరలో దేవుడి బెల్లం ముద్దకి ఇలాగే పాడతారని చెప్తే, "అయితే మీరూ మాలాంటోళ్ళే," అని సంతోషించి జామకాయ ఇచ్చింది.

కిటికీలోంచి నేను చూసిన పచ్చదనం గురించి రాయాలంటే కష్టం. మా వైపు ఆకుపచ్చ చాళ్ళ మధ్య ఎర్రమట్టి కనిపిస్తుంది. ఇక్కడ మట్టే కనిపించలేదు. ఇంత నీళ్ళున్న చోట పుట్టినవాళ్ళ మీద నాకు కొంచెం కుళ్ళు కూడా కలిగింది. మధ్యమధ్య వరి తీసేసి తవ్విన చేపల చెరువులున్నాయి. వాటి మీద మబ్బు నల్లగా దిగి ఉంది.

మడిలో

మా మొక్కల్ని తన పొలంలో పెంచుతున్న రైతు కోటేశ్వరరావు గారు. అరవై దాటి ఉంటాయి. చల్లపల్లికి ఇవతల కాలువగట్టు మీద వాళ్ళ ఊరు. ఆయన ఎకరన్నరలో సన్నరకం విత్తనం పండిస్తారు, దాని నడిమధ్యన ఒక చిన్న మడి మాది. విత్తనపు పొలాన్ని సోమవారం ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారని, బస్సు దిగిన నన్ను బండి మీద తీసుకొస్తూ దారంతా చెబుతూనే ఉన్నారు.

వాళ్ళింట్లో ఆయన భార్య అనసూయమ్మ గారు కొరమీను పులుసు పెట్టారు. అన్నం చూస్తే భయమేసింది, మా ఇంట్లో నలుగురికి వండేంత నా ఒక్కదాని విస్తట్లో పడింది. సగం తిని లేచాను. "మొక్క ఎక్కడికీ పోదు, తినమ్మా," అన్నారావిడ.

గట్టు మీద నడుస్తూ రెండుసార్లు జారాను. మా మడిలో ప్రతి మొక్క పక్కనా వెదురుపుల్ల, దానికి నంబరు చీటీ ఉన్నాయి. తొంభై, తొంభై ఒకటి, లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. తొంభై నాలుగు అని చీటీ ఉంది. పుల్ల ఉంది. పక్కన మొక్క లేదు. పిడికిలి పట్టేంత గుంటలో నీళ్ళున్నాయి, ఆ నీళ్ళలో ఆకాశం కనిపిస్తోంది.

నేను ఆ బురదలో అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. చెయ్యి పెట్టి చూశాను, ఒక్క పిలకైనా విరిగి మిగిలిందేమోనని. వేళ్ళతో సహా శుభ్రంగా తీసేశారు. చుట్టూ చూస్తే అలాంటి గుంటలు ఇంకో పది ఉన్నాయి.

"ఇదేంటండీ?" అన్నాను.

కోటేశ్వరరావు గారి మొహం మాడిపోయింది. "పొద్దున బెరుకులు ఏరించానమ్మా. తనిఖీ ఉందిగా. మార్తమ్మ కూలోళ్ళ ముఠా వచ్చింది. కర్రలు పాతున్నాయి కదా, మీ మడి జోలికి రారనుకున్నా."

బెరుకులంటే పైరులో కలిసిన వేరే రకం దుబ్బులు. విత్తనపు పొలంలో అవి ఉంటే ఆఫీసర్లు విత్తనానికి పనికిరాదని పొలాన్నే కొట్టేస్తారు. పూత సమయంలో కూలీలు వరసగా నడుస్తూ, పొడుగ్గా ఉన్నదీ, ముందు పూసిందీ, రంగు తేడా ఉన్నదీ పీకేస్తారు. మా తొంభై నాలుగు చుట్టుపక్కల వాటికన్నా జానెడు పొడుగు, మూడు రోజులు ముందు పూత. సారు నోట్‌బుక్‌లో రాసి పెట్టారు. మొరటు వరి గుణాలు ఇంకా కొన్ని దానిలో మిగిలే ఉన్నాయి మరి. నేను ల్యాబులో దేన్ని చూసి కేకేశానో, బెరుకులు ఏరేవాళ్ళ కంటికి మొదట పడేది అదే.

పీకిన దుబ్బుల్ని ఏం చేస్తారని అడిగాను.

"కూలోళ్ళు పట్టుకుపోతారమ్మా. పశువుల మేతకి. అది వాళ్ళ హక్కు."

పేటలో

మార్తమ్మ గారి ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. కోటేశ్వరరావు గారి బండి వెనక కూర్చుని ఆమె ఉండే పేటకి వెళ్ళాను. సందులన్నీ రంగుకాగితాల తోరణాలు కట్టి ఉన్నాయి. ఆమె ఇంటి ముందు ఒక గేదె నింపాదిగా నములుతోంది. దాని నోట్లోంచి పూతకొచ్చిన వరివెన్ను వేలాడుతోంది. నేను పరుగెత్తి ఆ వెన్నుని లాగబోయాను, గేదె తల విదిలించింది, వెనక్కి పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది.

లోపల్నించి ఒకావిడ వచ్చింది. పొట్టిగా, గట్టిగా, యాభై అయిదేళ్ళుంటాయి. నన్ను లేవదీసింది.

"ఎవరమ్మా నువ్వు? గేదె పొడుస్తది!"

కోటేశ్వరరావు గారు విషయం చెప్పారు. మార్తమ్మ గారు ఆశ్చర్యపోయింది.

"ఆ మడా? అంతా బెరుకులే గదండీ! ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. కోటేశ్వరరావు గారి పరువేం గాను అని చూళ్ళేకపోయా. పని అయిపోయినాక మళ్ళీ దిగి నేనొక్కదాన్నే మరీ బాగోని పదకొండు తీశా. కూలి కూడా అడగలా."

"కర్రలు కనిపించలేదా మీకు?"

"కనిపించినయ్యమ్మా. అన్నిటికీ పెట్టారు. ఏయి పీకాలో తెలీక, పాపం, అన్నిటికీ పెట్టుకున్నారనుకున్నా. నలభై ఏళ్ళ నించి బెరుకులు ఏరుతున్నా, నాకు కర్రలెందుకు?"

అప్పుడు నేను అరిచాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. "మూడేళ్ళ కష్టాన్ని మీ గేదెకి వేశారు! పాలు పిండుకుని తాగండి ఇక!" అన్నాను. అంత పెద్దావిణ్ణి, ఆమె వాకిట్లో నిలబడి, పది ఇళ్ళవాళ్ళు చూస్తుండగా. ఆమె కొంగు చేతికి చుట్టుకుంటూ గేదె వైపు చూసింది.

"అన్నీ వెయ్యలేదమ్మా," అంది మెల్లగా. "ఏడు వేశా. నాలుగు గుడిలో ఉన్నయ్యి."

ఆమెకి సొంత పొలం లేదు. కోతకాల పండగకి పొలమున్నవాళ్ళు వరికట్టలు తెస్తారు. ఈవిడ ప్రతి ఏడూ ఏదో కూరగాయ కొని ఇచ్చేదట. ఈసారి చేతికొచ్చిన పదకొండు దుబ్బుల్లో ముందుగా పూసినవి, పొడుగ్గా, నిండుగా ఉన్నవి నాలుగు ఏరి, వేళ్ళకి బురద పట్టించి, తడి గోనె చుట్టి, దేవుడి బల్ల పక్క స్తంభానికి కట్టి వచ్చింది. "దేవుడికని మంచియ్యే ఏరా. బెరుకైనా ఎన్ను బాగుంది," అంది.

ముందుగా పూసినవి, పొడుగువి. అంటే తొంభై నాలుగు వాటిలో ఉండొచ్చు. ముగ్గురం గుడికి వెళ్ళాం. తాళం వేసి ఉంది. తాళంచెవి అయ్యగారి దగ్గర, అంటే పాస్టరు గారి దగ్గర. ఆయన పక్క ఊళ్ళో ప్రార్థన కూటానికి వెళ్ళారు, పొద్దున ఆరాధనకే వస్తారు. కిటికీ చువ్వల్లోంచి చూస్తే స్తంభానికి కట్టిన వరికట్ట మసకగా కనిపించింది.

ఆ సాయంత్రం కోటేశ్వరరావు గారు మంచి సన్నరకం దుబ్బుని మట్టితో సహా తవ్వి బకెట్‌లో పెట్టి తెచ్చారు. వాళ్ళ వసారాలో దీపం కింద కూర్చుని రెండు వెన్నులు సిద్ధం చేశాను. ఒక్కో పువ్వు కొన కత్తిరించి, ఆరు తిత్తులూ లాగేయాలి. సారు ఫోన్‌లో చెబుతుంటే నేను చేస్తున్నాను. మొదటి పది పువ్వులు పాడుచేశాను. కాగితం సంచులు తొడిగేసరికి మెడ పట్టేసింది. చూరు మీద వాన చప్పుడు మొదలైంది.

కోతకాల పండగ

ఆదివారం ఎనిమిదిన్నరకే గుడి దగ్గరున్నాను. వాన తుంపరగా పడుతోంది. అయ్యగారు సైకిల్ దిగగానే అడిగాను. ఆయన సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అంతా విన్నారు.

"అర్పించినదాన్ని ప్రార్థన కాకుండా కదపకూడదమ్మా. అది మార్తమ్మది కూడా కాదిప్పుడు. పాటలో ఎవరు పాడుకుంటే వాళ్ళది."

"పాట ఎన్నింటికండీ?"

"ఒంటిగంట అవుద్ది."

వరి పువ్వు పదిన్నరకో పదకొండుకో విచ్చుకుంటుంది. గంటలో మూసుకుంటుంది. పుప్పొడి బయటికొచ్చాక బతికేది కొద్ది నిమిషాలు. పీకిన కట్టలో మర్నాటికి ఎంత ప్రాణం మిగులుతుందో ఎవరికీ తెలీదు. ఇదంతా గడగడా చెప్పాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆలోచించి, "దాన్ని కదపొద్దు. మీ బకెట్టే లోపలికి తెచ్చుకోండి. ప్రసంగం అయ్యాక చేసుకోండి," అన్నారు.

కోటేశ్వరరావు గారు గొడుగు పట్టి బకెట్ తెచ్చారు. చెప్పులు బయట విడిచి, ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి కాబోలు, తలుపు దగ్గరే బకెట్ పట్టుకుని నిలబడ్డారు. మార్తమ్మ గారు వెళ్ళి బకెట్‌కి రెండో పక్క చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి స్తంభం కింద పెట్టారు. ఆమె నా వైపు చూడకుండానే వెళ్ళి తన చోట కూర్చుంది. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద, తల మీద చున్నీ కప్పుకుని కూర్చున్నాను. బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, చెరుకులు, పళ్ళెంలో కోడిగుడ్లు ఉన్నాయి. తెల్లచీర కట్టిన ముసలావిడ ఒకరు కోడిపుంజుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దగ్గర్నుంచి చూశాను. నాలుగు దుబ్బులు. ఆకులు కొనలు వాడాయి కానీ వెన్నులు పచ్చగా ఉన్నాయి. పై పువ్వులు అయిపోయాయి, కింద సగం ఇంకా విచ్చుకోలేదు. ఆ నాలుగింటిలో తొంభై నాలుగు ఏది? అసలుందా? కంటితో చెప్పే దారి లేదు. నాలుగింటి పుప్పొడీ కలిపి దులపాలి, గింజ పట్టాక ఏ గింజలో ఏముందో నా ల్యాబే తేల్చాలి.

పది దాటింది, మబ్బు వల్ల పువ్వు కదల్లేదు. పదకొండయింది. పాటలైపోయి ప్రసంగం మొదలైంది. అయ్యగారు బైబిల్లోని విత్తువాడి గురించి చెబుతున్నారు. నేను విన్నది తక్కువ. పదకొండు పదికి మధ్య వెన్నులో ఒక పొట్టు నోరు తెరిచింది. దాని పక్కది. తరవాత అయిదారు ఒకేసారి. తెల్లటి తిత్తులు బయటికొచ్చి వేలాడాయి. అప్పుడు చూశాను, ఆ స్తంభానికి సూటిగా పైన ఫ్యాను తిరుగుతోంది.

ఎంత వివరంగా చెప్పినా నా బాధ మీకు తెలియదు. మూడేళ్ళ పని గాలికి లేచి, బల్లగుడ్డ మీద పడుతోంది. అందరూ తలలు వంచి వింటున్నారు. లేచి అరవాలనిపించింది. కానీ పరాయి మతం, పరాయి ఊరు, నిన్న సాయంత్రం చేసిన గొడవ చాలదా అనిపించింది. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను, అంతే చేయగలిగాను.

నా రెండు వరసల ముందున్న మార్తమ్మ గారు వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను చూస్తున్న వైపు చూసింది. లేచి, కోడిపుంజు ముసలావిణ్ణి దాటుకుని, గోడ దగ్గరికి వెళ్ళి, వరసగా మీటలన్నీ ఆపేసింది. ఫ్యాన్లతో పాటు దీపాలూ మైకూ కూడా ఆగిపోయాయి. ప్రసంగం మాట మధ్యలో తెగింది.

"ఏంటి మార్తమ్మా?" అన్నారు అయ్యగారు.

"పువ్వు ఇచ్చుకుందండి అయ్యగారూ," అంది ఆమె, బడిపిల్లలా చేతులు కట్టుకుని. "గాలికి పోతంది. తప్పు నాదండి. మీరు ఇంక ముగించండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఉక్కపోతకి అప్పుడే పాటల పుస్తకాలతో విసురుకోవడం మొదలుపెట్టారు, ఆమె "విసరొద్దు!" అని కేకేసింది. పుస్తకాలు ఆగిపోయాయి. అయ్యగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "మంచి నేలను పడిన విత్తనము ఫలించును గాక. ఆమేన్," అని ముగించేశారు. తరవాత ఆ ఊరివాళ్ళు చెప్పారు, ఆయన గంటకి తక్కువ మాట్లాడింది అదే మొదటిసారట.

నేను పరుగెత్తాను. కంగారులో కాగితం సంచి ముడి రాలేదు. మార్తమ్మ గారు పళ్ళతో కొరికి తెంపింది. కోటేశ్వరరావు గారు బకెట్‌ని గుండెల దాకా ఎత్తి పట్టుకున్నారు, తల్లి వెన్నులు సరిగ్గా కట్ట కిందికి వచ్చేలా. నేను ఒక్కో పూసిన వెన్నునీ వేలితో మెల్లగా తట్టాను. సన్నటి పసుప్పచ్చ ధూళి దిగింది. గుళ్ళో కోడిపుంజు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యలేదు. మళ్ళీ తట్టాను. మూడోసారి ఇంకేమీ రాలేదు. సంచులు తొడిగి, నాలుగు దుబ్బుల నుంచీ ఆకుముక్కలు కత్తిరించి వేరువేరు గొట్టాల్లో వేసుకున్నాను. బయట వాన జోరందుకుంది.

పాటలో ఆ వరికట్టని ఒక స్కూలు మాస్టారు తొమ్మిది వందలకి పాడుకున్నారు. పుప్పొడి అయిపోయి వాడిపోయిన దుబ్బులతో ఇక పనిలేదనుకుని నేను పాడలేదు. నిమ్మకాయ ఏడొందలు పలికింది. బిర్యానీ పెట్టారు, నేను కూడా చాప మీద కూర్చుని తిన్నాను. తలెత్తి వెతికితే మార్తమ్మ గారు వడ్డిస్తోంది. నా విస్తట్లో రెండు ముక్కలు ఎక్కువేసి వెళ్ళిపోయింది. క్షమించమని అడగాలనుకుంటూనే బస్సు టైమైంది.

తిరిగొచ్చాక

సోమవారం పొద్దున ల్యాబులో దిగీ దిగగానే నాలుగు ఆకుముక్కలూ నూరాను. మూడో దుబ్బు తొంభై నాలుగే. సారుకి ఫోన్ చేస్తే ఆయన మంచం మీదనుంచి లేవబోయి మళ్ళీ నడుం పట్టేయించుకున్నారు.

కానీ ఆ దుబ్బు అప్పటికే మాస్టారి దండెం మీద ఎండిపోయింది. ఇక మిగిలింది బకెట్‌లో గింజలు. నాలుగు వారాలు అనసూయమ్మ గారి వసారాలో ఎలకలకీ పిచ్చికలకీ అందకుండా దోమతెర కట్టుకుని ఉన్నాయి. ఇరవై ఒక్క గింజలొచ్చాయి, మందుబిళ్ళల డబ్బాలో పెట్టి బస్సులో పంపారు. పందొమ్మిది మొలిచాయి. పన్నెండో రోజు పందొమ్మిదింటి ఆకులూ నూరి పరీక్ష పెట్టాను. ఫలితం వస్తుంటే ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. మూడింటిలో జన్యువుతో పాటు చెడ్డ పొరుగు కూడా ఉంది, కట్టలోని మిగతా మూడు దుబ్బుల్లో అలాంటిదొకటి ఉంది. పద్నాలుగింటిలో ఏమీ లేదు. పద్దెనిమిదో మొలకలో గుర్తు ఉంది, చెడ్డది లేదు. పందొమ్మిదోదాంట్లో ఏమీ లేదు.

ఒక్కటి. మళ్ళీ ఒక్కటే. అయినా ఈసారి నేను అరవలేదు, కూర్చుని ఏడ్చాను.

కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి, మార్తమ్మ గారికి ఇవ్వమన్నాను. ఆయన బండి మీద పేటకి వెళ్ళి చేశారు.

"ఒకటి దొరికిందండీ," అన్నాను.

"మరి ఆ గేదెకి ఏసినయ్యమ్మా? ఆ ఏడింటిలో కూడా ఏమన్నా ఉండిందా?"

"లేదండీ. ఖాళీ గుంటల నంబర్లన్నీ లిస్టులో చూశాను. పదకొండింటిలో పనికొచ్చేది ఒక్కటే. దాన్ని మీరు గేదెకి వెయ్యలేదు, దేవుడికిచ్చారు. ఆ రోజు నేను అన్న మాటలు..." అని ఇంకా చెప్పబోతుండగానే ఫోన్ కోటేశ్వరరావు గారి చేతిలోకి వెళ్ళిపోయింది.

"లోపలికి పోయిందమ్మా. ఏడుస్తంది," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "నీకు చెప్పొద్దంది గానీ, ఆ ఆదివారం నించీ ఆవిడ ఆ గేదె పాలు ముట్టలేదు. పిండినయ్యన్నీ పాలకేంద్రంలో పోసేస్తంది. ఇంట్లో టీ కూడా డికాషనే."

ఫోన్లో గిన్నె చప్పుడు వినిపించింది. "ఉండమ్మా," అన్నారు కోటేశ్వరరావు గారు, "పొయ్యి మీద పాలు పెడతంది."